మత్తు గురించి ముందురోజే, తెలుగులో చెప్పండి

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను హైస్కూల్లో ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పి రిటైరైన టీచర్ని, గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. మీ పత్రికకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి, కాస్త పెద్దదైంది, వీలైతే మొత్తం వేయండి.

పోయిన వారం మా అపార్ట్‌మెంట్లో మూడో అంతస్తులో ఉండే అమ్మాయి సాయంత్రం పూట మా ఇంటికొచ్చి కూర్చుంది. థైరాయిడ్ గడ్డకు ఆపరేషన్ పెట్టారు. గొంతు మీద కోత అన్నా భయపడటం లేదు, మచ్చ పడుతుందేమో అన్న దిగులూ లేదు, ఆ పిల్ల టెన్షన్ అంతా ఒక్కటే: "టీచర్ గారూ, మత్తు డోసు ఎక్కువై లేవకపోతే ఎట్లా?" ఇద్దరు పిల్లలు, చిన్నవాడికి నాలుగేళ్ళు. మరి మత్తు డాక్టర్ని అడిగావా అమ్మా అంటే, "మత్తు డాక్టర్ ఎవరో నాకు తెలీదు, ఆ రోజు వస్తారంట" అంది.

ఈ ఒక్క మాట కోసమే ఈ ఉత్తరం. సర్జన్ ఎవరు, ఆయన చెయ్యి మంచిదా, ఎంతమందికి చేశాడు అని నలుగురిని అడిగి, కొత్తపేటలో నాలుగు ఆసుపత్రులు తిరిగి మరీ తేల్చుకుంటాం. మనం స్పృహలో లేని ఆ గంటో రెండు గంటలో మన ఊపిరిని, గుండెను, బీపీని చేతిలో పెట్టుకుని కూర్చునే మనిషి పేరు కూడా అడగం. ఆసుపత్రి వాళ్ళూ చెప్పరు. బిల్లులో 'అనస్థీషియా చార్జీలు' అని ఒక లైను ఉంటుంది, ఆ డాక్టర్‌తో మనకున్న పరిచయం చాలాసార్లు అంతే.

ముందు ఆ పిల్ల భయం సంగతి చెప్తాను, ఎందుకంటే మన ఊళ్ళలో సగం మంది భయం అదే. మత్తు అంటే ఒకే ఒక్క ఇంజెక్షన్ అనీ, కొలత తక్కువైతే మధ్యలో మెలకువ వస్తుందనీ, ఎక్కువైతే ఇక లేవరనీ మనం అనుకుంటాం. అది అట్లా జరగదు. నిద్రపుచ్చడానికి నరంలోకి ఇచ్చే మందు నిజానికి కొద్ది నిమిషాలే పనిచేస్తుంది. ఆ తర్వాత నిద్రను నిలబెట్టేది ఊపిరితోపాటు మిషన్ ద్వారా లోపలికి పంపే గ్యాస్, లేకపోతే సెలైన్ గొట్టంలోంచి పంపు ద్వారా కొద్దికొద్దిగా వెళ్ళే మందు. నొప్పి తెలియకుండా ఒక మందు, కండరాలు వదులవడానికి మరొకటి, ఇవన్నీ వేర్వేరు. మత్తు డాక్టర్ ఇంజెక్షన్ ఇచ్చేసి వెళ్ళిపోరు, ఆపరేషన్ అయిపోయేదాకా తల దగ్గరే ఉండి గుండె లయ, బీపీ, రక్తంలో ఆక్సిజన్, వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో తెరమీద చూస్తూ మందును పెంచుతూ తగ్గిస్తూ ఉంటారు. సర్జన్ కుట్లు వేసే సమయానికి గ్యాస్ తగ్గించుకుంటూ వచ్చి, కండరాలు వదులుచేసిన మందుకు విరుగుడు ఇచ్చి, మనం మన ఊపిరి మనమే తీసుకుంటున్నామని చూసుకున్నాకే ఊపిరి కోసం గొంతులో పెట్టిన గొట్టం తీస్తారు. లేపడం కూడా వాళ్ళ పనే.

ప్రమాదం అసలే లేదని చెప్పి ఎవరినీ మభ్యపెట్టను. బ్రిటన్‌లో మత్తు వైద్యుల రాయల్ కాలేజీ వాళ్ళ లెక్క ప్రకారం కేవలం మత్తు కారణంగా ప్రాణం పోవడం అక్కడ దాదాపు లక్ష మత్తులకు ఒకటి. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు, బాగా పైబడిన వయసు, అర్జెంటుగా చేసే ఆపరేషన్ అయితే రిస్కు పెరుగుతుంది. మధ్యలో మెలకువ వచ్చి తర్వాత అది గుర్తుండటం గురించి బ్రిటన్, ఐర్లాండ్‌లలో పెద్ద సర్వే చేసి 2014లో వెల్లడించారు, సుమారు 19,000 మత్తులకు ఒకరు అట్లా చెప్పారట. అంటే ఉంది, కానీ చాలా అరుదు.

నా సంగతి చెప్తాను. పోయిన ఏడాది ఆషాఢంలో నాకు గాల్ బ్లాడర్ తీసేశారు, రాళ్ళు. నాకు దొరికిన మత్తు డాక్టర్ గారు మంచావిడ, ముందురోజు సాయంత్రమే వార్డుకొచ్చి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు. నోరు బాగా తెరవమన్నారు, మెడ వెనక్కి వంచమన్నారు, ఊగే పళ్ళు, కట్టుడు పళ్ళు ఉన్నాయా అన్నారు. గొట్టం వేసేటప్పుడు దారి సులువుగా ఉంటుందా లేదా అన్నది వాళ్ళకు అప్పుడే తెలియాలట. ఉబ్బసం, గురక, ఇదివరకటి ఆపరేషన్లు, మందులు పడకపోవడం, మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అని అన్నీ అడిగారు. గోళ్ళ రంగు తీసేయమన్నారు, ఎందుకని అడిగితే వేలికి క్లిప్పు పెడతాం, రంగుంటే అది సరిగ్గా చదవకపోవచ్చు అన్నారు. కరోనాలో మనమందరం కొనుక్కుని ఇంటిల్లిపాదీ వేళ్ళు పెట్టి చూసుకున్నామే, ఆ పల్స్ ఆక్సీమీటరే. జపాన్‌లో తకువో అయోయాగి అనే ఇంజినీరు 1974లో ఆ ఉపాయం కనిపెట్టారు. మత్తు ఇంత భద్రంగా మారడంలో ఆ చిన్న క్లిప్పుకు పెద్ద వాటా ఉంది.

మర్నాడు థియేటర్లోకి తీసుకెళ్ళాక మొదట తెలిసింది చలి. బయట ఎండ మండిపోతుంటే లోపల పుష్యమాసంలా ఉంది. ఛాతీమీద స్టిక్కర్లు అంటించారు, చేతికి బీపీ పట్టీ చుట్టారు. సిస్టర్ వచ్చి పేరు అడిగింది, ఏం ఆపరేషన్ అని అడిగింది, అంతకుముందు ఇద్దరు అడిగారు కదమ్మా అన్నాను. తర్వాత తెలిసింది, 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన చెక్‌లిస్టు అది, మత్తు ఇవ్వకముందే పేషెంట్ ఎవరు, ఆపరేషన్ ఏమిటి, ఎక్కడ, ఏ మందు పడదు అన్నవి పేషెంట్ నోటితోనే చెప్పించాలి. కాబట్టి ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా చెప్పండి, అడగకపోతేనే అనుమానపడాలి.

ముక్కు మీద మాస్కు పెట్టి ఊపిరి బాగా పీల్చమన్నారు. సెలైన్‌లో పాలలాంటి తెల్లటి మందు ఎక్కించారు, అది ఎక్కుతుంటే మణికట్టు దగ్గర్నుంచి మోచేతిదాకా సన్నగా మండింది. ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. "టీచర్ గారూ, మీరు మొదట ఏ ఊళ్ళో పనిచేశారు?" అని డాక్టర్ గారు అడుగుతున్నారు, నేను "రేపల్లె..." అనబోతున్నాను, అంతే. ఆ తర్వాత ఎవరో నా పేరు పెట్టి గట్టిగా పిలుస్తున్నారు, కళ్ళు తెరవండి, తెరవండి అంటున్నారు. మధ్యలో గంటన్నర గడిచిందట. రాత్రి నిద్రపోయి లేస్తే ఎంతోకొంత సేపు గడిచినట్టు ఒంటికి తెలుస్తుంది కదా, ఇందులో అదీ లేదు, కల లేదు, చీకటి కూడా లేదు. ఆ మాట మధ్యకు విరిగి మళ్ళీ అతుక్కున్నట్టు ఉంది.

లేచాక ఎట్లా ఉంటుందో కూడా రాస్తాను, ఎందుకంటే తెలియకే ఇంట్లోవాళ్ళు కంగారుపడి సిస్టర్ల మీద కేకలేస్తారు. ఒళ్ళంతా వణుకు వచ్చింది, పళ్ళు టకటకా కొట్టుకున్నాయి, రెండు దుప్పట్లు కప్పారు, ఇరవై నిమిషాలకు తగ్గింది. జ్వరమేమీ కాదు, మత్తులో ఒంటి వేడి తగ్గుతుంది కాబట్టి చాలామందికి వస్తుంది. నోరు ఎండిపోయింది. గొంతులో గొట్టం పెట్టి తీశారు కాబట్టి రెండురోజులు గొంతు గీరుకుపోయినట్టు ఉండి మాట బొంగురుగా వచ్చింది. ఒకసారి వాంతి అయింది. బస్సు ప్రయాణంలో వాంతులయ్యేవాళ్ళు ఆ సంగతి ముందే చెప్తే అవ్వకుండా మందు ఇస్తారు. నన్ను అన్నిటికంటే భయపెట్టింది కుడి భుజం నొప్పి. పొట్టకు ఆపరేషన్ చేస్తే భుజం నొప్పేమిటి, గుండెపోటేమోనని మావారు పరుగెత్తారు. ల్యాప్రోస్కోపీలో, అంటే చిన్నచిన్న రంధ్రాల్లోంచి చేసే ఆపరేషన్లో, పొట్ట ఉబ్బడానికి కార్బన్ డయాక్సైడ్ నింపుతారు, లోపల మిగిలిన కాస్త గ్యాస్ డయాఫ్రంను, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరాన్ని, ఇబ్బంది పెడితే ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది, రెండుమూడు రోజుల్లో పోతుంది. డయాఫ్రం గురించి ఎనిమిదో తరగతి పిల్లలకు బొమ్మవేసి చెప్పినదాన్నే, ఈ ఒక్క ముక్క ఎవరైనా ముందు చెప్పి ఉంటే మావారు ఆ రాత్రి కారిడార్లో అట్లా వణికిపోయేవారు కాదు.

ఇది బాగా జరిగిన కథ. బాగా జరగనిది అంతకు రెండేళ్ళ ముందు మా అత్తయ్య గారిది. ఆసుపత్రి పేరు రాయను, ఒక్క ఆసుపత్రి తప్పు కాదిది. ఆవిడకు డెబ్భై ఎనిమిదేళ్ళు, బొడ్డు దగ్గర హెర్నియా. ముందురోజు రాత్రి సిస్టర్ వచ్చి "రేపు ఎన్‌పీవో అమ్మా" అని చెప్పి, మంచానికి తగిలించిన అట్టమీద ఆ మూడక్షరాలూ రాసి వెళ్ళింది. మేం తలూపాం. నోటితో ఏమీ తీసుకోకూడదు అని దానర్థమట, ఆ రాత్రి మా ఎవరికీ తెలియదు, ఏదో టెస్టు అనుకున్నాం. తెల్లవారుజామున ఐదింటికి అత్తయ్య గారికి కాఫీ లేకపోతే కుదరదు, మావారు కిందకెళ్ళి ఫ్లాస్కులో తెచ్చారు, ఆవిడ సగం గ్లాసు తాగారు. ఏడున్నరకు థియేటర్ గుమ్మం దగ్గర మత్తు డాక్టర్ గారు "ఏమన్నా తాగారా మామ్మగారూ" అంటే ఆవిడ లేదన్నారు. మేం పక్కనే ఉండి నోరు మెదపలేదు, కాఫీ చుక్కే కదా అనుకున్నాం. ఆయన వెళ్ళబోతూ ఆగి మళ్ళీ అడిగారు, నిజం చెప్పండి, నేను కోప్పడను అన్నారు. అప్పుడు ఆవిడ చెప్పారు. ఆపరేషన్ వాయిదా. మావారు ఆయనతో గట్టిగానే వాదించారు, అరగ్లాసు కాఫీకి ఇంత రాద్ధాంతమా అని.

ఆ డాక్టర్ గారే కరెక్ట్. మామూలుగా మనకు మంచినీళ్ళు అడ్డంపడితే పొలమారుతుంది, ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిమీద తడతాం. నిజానికి అది ఊపిరితిత్తులను కాపాడుకోవడానికి శరీరం పెట్టుకున్న కాపలా. పూర్తి మత్తులో ఆ కాపలా ఉండదు. కడుపులో ఉన్నది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి జారిపోతే దగ్గు కూడా రాదు, అన్నం మెతుకులూ, కడుపులోని యాసిడ్డూ కలిసి లోపలికి పోతే ప్రాణం మీదికొస్తుంది. పాలు కడుపులోకి వెళ్ళాక గడ్డకడతాయి, అందుకని పాలు కలిసిన కాఫీ, టీ, మజ్జిగ తాగేవి అయినా వాటిని ఆహారం కిందే లెక్కేస్తారు.

తర్వాత ఇంకో తేదీ ఇచ్చారు. ఈసారి భయంతో రెండో చివరకు పోయాం. రాత్రి తొమ్మిది తర్వాత పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనివ్వలేదు. ఆ రోజు లిస్టులో ముందున్న కేసులు ఆలస్యమై అత్తయ్య గారి వంతు మధ్యాహ్నం రెండున్నరకు వచ్చింది. మే నెల, గుంటూరు ఎండ మీకు చెప్పనక్కర్లేదు. నాలుక పిడచకట్టుకుపోయి, ఒక్క చెంచాడు నీళ్ళు పోయవే అమ్మాయ్ అని ఆవిడ నా చెయ్యి పట్టుకుంటే నేను పోయలేదు. సెలైన్ పెట్టడానికి నరం దొరక్క కుడిచేతికి రెండుసార్లు, ఎడమచేతికి ఒకసారి గుచ్చారు, ఆ నీలం మచ్చలు రెండు వారాలు ఉన్నాయి. పదిహేడున్నర గంటలు. తర్వాత తెలిసింది, మామూలు పేషెంట్లకు మత్తుకు రెండు గంటల ముందు దాకా మంచినీళ్ళు తాగనిస్తారని. ఇడ్లీ, బ్రెడ్డు లాంటి తేలిక తిండి అయితే ఆరు గంటలు, నెయ్యి, నూనె, మాంసం బాగా ఉన్న భోజనం అయితే ఎనిమిది గంటలు, ఆవు గేదె పాలకు ఆరు, చంటిబిడ్డకు తల్లిపాలకు నాలుగు. గర్భిణులకు, ఎన్నాళ్ళ నుంచో షుగర్ ఉన్నవాళ్ళకు, పేగుల్లో అడ్డం ఉన్నవాళ్ళకు లెక్క మారొచ్చు, కాబట్టి మీ డాక్టర్ చెప్పిందే చివరి మాట. కానీ ఆ చివరి మాట 'ఎన్‌పీవో' అని కాకుండా "అమ్మా, రాత్రి ఇన్నింటికి భోజనం ఆపండి, పొద్దున ఇన్నింటిదాకా మంచినీళ్ళు తాగొచ్చు, కాఫీ వద్దు" అని గడియారం చూపించి చెప్పాలి కదా. లిస్టు ఆలస్యమైతే మళ్ళీ వచ్చి చెప్పాలి కదా.

ఆ రాత్రి ఇంకొకటి జరిగింది. అత్తయ్య గారు లేచాక బాగానే మాట్లాడారు, చీకటిపడ్డాక మాత్రం ఊళ్ళో ఉన్నాననుకున్నారు. గేదెకు కుడితి పెట్టారా అని అడిగారు, నలభై ఏళ్ళ కిందట అమ్మేసిన గేదె. సెలైన్ పీకేయబోయారు, నన్ను చూసి మీరెవరమ్మా అన్నారు. మా ఆడపడుచు మతి పోయిందేమోనని ఏడ్చేసింది. పెద్దవాళ్ళకు ఆపరేషన్ తర్వాత ఇట్లా అయోమయం రావడం తరచుగా జరిగేదే, చాలామందికి కొద్దిరోజుల్లో తగ్గుతుంది, కొందరికి ఎక్కువ రోజులు పడుతుంది. కళ్ళజోడు, చెవి మిషన్ వెంటనే పెట్టేయాలి, గదిలో దీపం ఉంచాలి, బాగా తెలిసిన మనిషి పక్కన కూర్చుని ఇది ఫలానా ఆసుపత్రి, ఇవాళ ఫలానా వారం అని నెమ్మదిగా చెప్తూ ఉండాలి. డాక్టర్‌కూ చెప్పాలి, ఎందుకంటే ఇన్ఫెక్షన్ వల్లో, మూత్రం ఆగిపోవడం వల్లో కూడా అట్లా రావచ్చు. అత్తయ్య గారు మూడోరోజు పొద్దున కాఫీ అడిగారు, నా పేరు పెట్టి.

సంతకం సంగతి. పొద్దున ఆరూ ముప్పావుకు స్టీలు ట్రాలీ మీద నాలుగు పేజీల ఇంగ్లిషు కాగితాలు పెట్టి, ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ అని పెన్సిల్‌తో టిక్కులు పెట్టి ఇచ్చారు. మావారు చదవకుండానే పెట్టేశారు, పేషెంట్ అత్తయ్య గారే, స్పృహలో ఉన్నారు, చదువుకున్నారు, ఆవిణ్ణి అడిగినవాళ్ళే లేరు. 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఒక కేసులో చాలా స్పష్టంగా చెప్పింది. పరీక్ష కోసమని పూర్తి మత్తు ఇచ్చిన ఆవిడకు, మత్తులో ఉండగానే బయట ఉన్న తల్లిని అడిగి గర్భసంచి తీసేశారు. పేషెంట్‌కు స్పృహ వచ్చేదాకా ఆగడానికి వీలున్నప్పుడు తల్లి ఒప్పుకోలు చెల్లదని కోర్టు అంది, ఏం చేస్తారో, ఎందుకు చేస్తారో, రిస్కు ఏమిటో, ఇంకో దారి ఉందో లేదో తెలిపి తీసుకున్నదే ఒప్పుకోలు అంది. ట్రాలీ మీద టిక్కులు పెట్టి తీసుకునేది ఆ లెక్కలోకి వస్తుందా?

ఇక పేషెంట్ల వైపు నుంచి. దాచకండి. బీపీ మాత్రలు మనంతట మనం మానకూడదు, వేసుకోనూ కూడదు. కొన్ని ఆ రోజు పొద్దున గుక్కెడు నీళ్ళతో వేసుకోమంటారు, కొన్ని ఆపమంటారు. షుగర్ మాత్రలు ఖాళీ కడుపున వేసుకుంటే షుగర్ పడిపోవచ్చు. వాటిలో పేరు చివర 'గ్లిఫ్లోజిన్' అని వచ్చే కొత్తరకం మందులైతే మామూలుగా మూడు రోజుల ముందే ఆపిస్తారు, ఆపరేషన్ రోజు చెప్తే ఆలస్యమైపోయినట్టే. రక్తం పలచబడే మందులు, నాటు మందులు, ఆయుర్వేదం, వాడేవన్నీ సంచిలో వేసుకుని తీసుకెళ్ళి చూపించడం తేలిక. మగవాళ్ళకు ప్రత్యేకంగా చెప్తున్నాను: తాగుడు, సిగరెట్ల సంగతి భార్య ముందు చెప్పలేక లేదని తల అడ్డంగా ఊపేస్తారు. డాక్టర్ గారూ, ఒక్క నిమిషం మీతో విడిగా మాట్లాడాలి అని అడగండి. రోజూ తాగేవాళ్ళకు మత్తు మందు కొలతలు మారతాయి, ఆపరేషన్ అయిన రెండోరోజో మూడోరోజో తాగుడు లేక చేతులు వణికి, మనిషి పిచ్చిగా మాట్లాడటం మొదలుపెడితే అదేమిటో ఎవరికీ అర్థంకాదు. సిగరెట్ ఒక్కరోజు మానినా రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ తగ్గుతుంది, కొన్ని వారాల ముందు మానితే ఊపిరితిత్తులకు ఇంకా మంచిది.



మత్తు వైద్యం మనకు కొత్తది కాదు. 1846 అక్టోబర్ 16న అమెరికాలోని బోస్టన్‌లో విలియం మోర్టన్ అనే పళ్ళ డాక్టర్ అందరి ముందూ ఈథర్ ఇచ్చి చూపిస్తే, ఆర్నెల్లు తిరక్కుండానే, 1847 మార్చిలో, కలకత్తాలో ఈథర్ మత్తుతో ఆపరేషన్ చేశారు. క్లోరోఫాం ఇచ్చినప్పుడు మనిషి చనిపోతే ముందు ఆగేది గుండెనా, ఊపిరా అని తేల్చడానికి 1888లో, 1889లో హైదరాబాద్‌లోనే రెండు కమిషన్లు వేశారు, ఖర్చు ఆరో నిజాం పెట్టుకున్నారు. వాళ్ళు ఊపిరే అన్నారు, గుండె కూడా ఆగగలదని తర్వాత తేలింది. ఆ రోజుల్లోనే హైదరాబాద్‌లో క్లోరోఫాం ఇవ్వడంలో చెయ్యి తిరిగిన డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ, ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరిగా పేరున్న ఆవిడ. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఏ పాఠ్యపుస్తకంలోనూ నాకు ఆవిడ పేరు కనపడలేదు, అది నాకు బాధ.

మళ్ళీ మా మూడో అంతస్తు అమ్మాయి దగ్గరకొస్తాను. లేవకపోతే ఎట్లా అన్న భయం నీకు ఎక్కణ్ణుంచి వచ్చిందమ్మా అని మెల్లగా అడిగితే అసలు విషయం బయటపడింది. చాలా ఏళ్ళ కిందట వాళ్ళ సొంత బాబాయికి అపెండిసైటిస్ ఆపరేషన్ అయ్యాక ఊపిరి తీసుకోలేకపోతే రాత్రిదాకా మిషన్ మీదే ఉంచారట, ఆ తర్వాత ఏమీ జరగనట్టు లేచి కూర్చున్నాడట. ఇంట్లో అందరూ "మత్తు ఎక్కువైంది" అనే చెప్పుకుంటారు. ఈ సంగతి డాక్టర్‌కు చెప్పావా అంటే, బాబాయి కథ వాళ్ళకెందుకు అంది.

అదే చెప్పాల్సింది. గొట్టం వేయడానికి కండరాలను చప్పున వదులుచేసే మందు ఒకటుంది, మత్తు డాక్టర్లు స్కోలిన్ అంటారు. మామూలు మనుషుల్లో రక్తంలోని ఒక ఎంజైమ్ దాన్ని కొద్ది నిమిషాల్లో విరిచేస్తుంది. కొన్ని కుటుంబాల్లో పుట్టుకతోనే ఆ ఎంజైమ్ లోపిస్తుంది, వాళ్ళకు అదే మందు గంటల తరబడి వదలదు, అందాకా మిషన్‌తో ఊపిరి ఇస్తూ, నిద్రలోనే ఉంచితే దానంతటదే వదిలిపోతుంది. మన దగ్గర ఆర్యవైశ్య కుటుంబాల్లో ఈ లోపం మిగతావాళ్ళకంటే బాగా ఎక్కువని పరిశోధనల్లో తేలింది. అందుకే మన ప్రాంతంలో తెలిసిన మత్తు డాక్టర్లు మొహమాటం లేకుండా అడుగుతారు, మీరు కోమట్లా అని, కులం ఎందుకు అడుగుతున్నారని ఎవరూ నొచ్చుకోవద్దు. ముందు తెలిస్తే ఆ మందు వాడకుండా వేరేది వాడతారు, అంతే తేడా. ఈ అమ్మాయి వాళ్ళూ ఆర్యవైశ్యులే. ఇన్నేళ్ళుగా ఇంట్లో భయంగా తిరుగుతున్న మాట డాక్టర్ చెవిన పడి ఉంటే అది సమాచారం అయ్యేది.

మర్నాడు నేనే ఆ పిల్లతో ఆసుపత్రికి వెళ్ళాను. మత్తు డాక్టర్ని కలవాలి అంటే రిసెప్షన్‌లో వింతగా చూశారు, రెండు గంటలు కూర్చున్నాం. వచ్చాక ఆయన పూర్తిగా విన్నారు, కేసు షీటు మీద ఎర్ర ఇంకుతో పెద్దగా రాశారు, ఆ ఎంజైమ్‌కు రక్తపరీక్ష రాశారు, మీ తమ్ముడికీ చెల్లెలికీ కూడా చేయించండమ్మా అన్నారు. పది నిమిషాలు కూడా పట్టలేదు.

గుంటూరు, విజయవాడ ఆసుపత్రుల వాళ్ళను నేను అడిగేది ఈ పది నిమిషాలే. అర్జెంటు కేసులు కాకపోతే ముందురోజే మత్తు డాక్టర్ని పేషెంట్‌కు చూపించండి, పేరు చెప్పండి. ఒక్క కాగితం తెలుగులో, కాస్త పెద్ద అక్షరాలతో, తిండి ఎన్నింటికి ఆపాలి, నీళ్ళు ఎన్నింటికి, ఏ మాత్ర వేసుకోవాలి, ఏది ఆపాలి అని ఖాళీలు పెట్టి, సిస్టర్ చేత్తో నింపి ఇవ్వండి. చదవలేనివాళ్ళకు చదివి వినిపించండి. ఇంటికి పంపేటప్పుడు మొదటి ఇరవైనాలుగు గంటలు స్కూటర్ నడపొద్దు, డబ్బు వ్యవహారాలు, ఆస్తి కాగితాల మీద సంతకాలు వద్దు, పెద్దవాళ్ళెవరైనా పక్కనుండాలి అని అదే కాగితం వెనక రాయండి. సంతకం ఫారం తెలుగులో పెట్టి ముందురోజు సాయంత్రమే ఇస్తే రాత్రి చదువుకుని పొద్దున అడగాల్సింది అడుగుతాం. ప్రభుత్వ పథకం కింద చేసే ఆపరేషన్లకు ఈ కాగితం తప్పనిసరి చేయడం అధికారులకు పెద్ద పనేం కాదు, అందుకు మీ పత్రిక పూనుకోవాలని నా మనవి.

ఆ అమ్మాయి ఆపరేషన్ వచ్చే గురువారం, పొద్దున మొదటి కేసు. రెండు టైములు కాగితం మీద పెద్దగా రాసి వాళ్ళ ఫ్రిజ్ మీద అంటించి వచ్చాను. చిన్నవాడు ఆ రాత్రి మా ఇంట్లో పడుకుంటాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
బ్రాడీపేట, గుంటూరు